మన ఇళ్లలో పెద్దవాళ్లు పుస్తకం ఎందుకు తెరవరు? పాలమూరు, నల్లగొండ కుటుంబాలు తరచుగా అడిగే ప్రశ్నలు

కల్వకుర్తి, దేవరకొండ, అచ్చంపేట వైపు బడుల్లో తల్లిదండ్రుల సమావేశాలకూ, నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకూ నన్ను మాట్లాడమని పిలుస్తుంటారు. సభ అయిపోయాక దగ్గరికొచ్చి మెల్లగా అడిగే ప్రశ్నలు ఇవి. అందరూ పిల్లలతోనే మొదలుపెడతారు. కాసేపు మాట్లాడితే అసలు సంగతి ఇంట్లో పెద్దవాళ్ల దగ్గర ఉందని తెలుస్తుంది. అందుకే పెద్దవాళ్ల ప్రశ్నలు ముందు పెట్టాను.

మా నాయన పదో తరగతి పాసయ్యాడు. అయినా ఆయన చేతిలో పుస్తకం ఎన్నడూ చూడలేదు. ఎందుకు?

ఆయన చిన్నప్పుడు చూసిన పుస్తకాలు ఏవో అడగండి. పాఠ్యపుస్తకాలు, గైడ్లు, టెస్ట్ పేపర్లు అంటాడు. అవన్నీ పరీక్ష కోసం చదివినవి. పరీక్ష అయిపోగానే వాటిని వెనక తరగతి పిల్లలకు సగం ధరకు అమ్మేశారు. కథ కోసమో, సంబరం కోసమో తెరిచిన పుస్తకం బడి రోజుల్లో ఒక్కటీ లేని మనిషికి, నలభై ఏళ్లు వచ్చాక ఆ కోరిక దానంతట అదే పుట్టదు.

బడిలో పుస్తకం చుట్టూ ఉన్న భయం కూడా తక్కువది కాదు. లేచి నిలబడి పాఠం చదవమంటారు. ఎక్కడో ఒత్తు దగ్గర ఆగితే సార్ కసురుతాడు, పిల్లలు నవ్వుతారు. ఆ అవమానం ఏళ్లు గడిచినా పోదు. ఊరి పంచాయితీలో నలుగురి ముందు గట్టిగా మాట్లాడే మనిషి కూడా, ఎవరైనా కాగితం చేతికిచ్చి "చదవండి" అంటే "కళ్లజోడు తేలేదు" అని తప్పించుకోవడం చాలాసార్లు చూశాను.

ఇంకో కారణం వేగం. దీన్ని ఎవరూ పట్టించుకోరు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు కలిసి వందల రూపాలు అవుతాయి. అవి కంటికి అలవాటైతేనే చదువు సాఫీగా సాగుతుంది. బడి మానేశాక అచ్చు కాగితం చూడని మనిషి కూడబలుక్కుంటూ చదువుతాడు. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏం చదివాడో మనసులో నిలవదు. అర్థం కానప్పుడు విసుగొస్తుంది, విసుగొచ్చాక మళ్లీ తెరవడు. తెరవకపోతే వేగం ఇంకా తగ్గుతుంది. బయటి నుంచి చూసేవాళ్లు దీనికి బద్ధకమని పేరు పెడతారు. మార్కెట్ యార్డులో తక్‌పట్టీ (అమ్మిన పంట లెక్క చీటీ) ఇస్తే ఇదే మనిషి తూకం, ధర, హమాలీ కోతలు అన్నీ ఆఖరి అంకె దాకా చదువుతాడు. అవసరం ఉన్నచోట ఆయన ఎంత కష్టమైనా పడతాడు. కథల పుస్తకం కోసం అంత కష్టపడాల్సిన అవసరం ఆయనకు ఇంతవరకు ఎవరూ చూపించలేదు.

చదవడం వచ్చినవాళ్లందరూ చదువుతారు కదా? అక్షరాస్యత పెరిగితే సరిపోదా?

సరిపోదు. జనగణనలో ఏడేళ్లు, అంతకు పైబడినవాళ్లు ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవడం, రాయడం వస్తే అక్షరాస్యులుగా లెక్కిస్తారు. అందులో పుస్తకం చదివే అలవాటు లెక్కకు రాదు.

ఆ లెక్కలో కూడా మనం వెనకే ఉన్నాం. 2011 జనగణనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా అక్షరాస్యత దాదాపు 55 శాతం, ఉమ్మడి నల్లగొండ జిల్లాది దాదాపు 64 శాతం. పాలమూరు ఆడవాళ్లలో అది 45 శాతానికి కూడా చేరలేదు. అప్పటి తల్లులే ఇప్పుడు మన ఇళ్లలో అవ్వలు, అత్తమ్మలు. ఇంట్లో పుస్తకం ఎందుకు లేదని అడిగేవాళ్లు ముందు ఈ అంకెను గుర్తుంచుకోవాలి. (2016లో ఈ రెండు ఉమ్మడి జిల్లాలు చీలి కొత్త జిల్లాలు అయ్యాయి. ఈ అంకెలు పాత జిల్లాలవి.)

కోస్తా వైపు మా బంధువుల ఇళ్లలో తాతల కాలం నుంచి పుస్తకాల బీరువాలు ఉన్నాయి. మా ఇళ్లలో లేవు. మనం వెనకబడినవాళ్లమా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ల గొంతులో సిగ్గు వినిపిస్తుంది. సిగ్గుపడాల్సిందేమీ లేదు. మన తాతలు చదివిన కాలం ఎట్లాంటిదో చూడండి.

నిజాం రాజ్యంలో ప్రభుత్వ వ్యవహారాలు, పై చదువులు ఉర్దూలో నడిచాయి. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన భాష ఉర్దూయే. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడికి బడి దొరకడమే కష్టం. దొరికినా అక్కడి భాష వేరు. సభ పెట్టుకోవాలన్నా సర్కారు అనుమతి కావాలి. అట్లాంటి రోజుల్లో తెలుగు గ్రంథాలయం పెట్టడమే ఒక సాహసం. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లలో మునగాల రాజా నాయని వెంకట రంగారావు ఒకరు. ఆ మునగాల ఇప్పటి సూర్యాపేట జిల్లాలోది. 1922లో నల్లగొండ నుంచి షబ్నవీసు వెంకటరామ నరసింహారావు నీలగిరి పత్రిక నడిపారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరని ఎవరో అన్నందుకు 1934లో 354 మంది కవులతో ఒక సంచికే అచ్చు వేసి చూపించారు. నిజాం రాజ్యంలోని తెలుగువాళ్ల సంస్థ ఆంధ్ర మహాసభ రెండో సమావేశం 1931లో మన దేవరకొండలో జరిగింది. పుస్తకం మీద ప్రేమ లేని నేలలో ఇవన్నీ జరిగేవి కావు. ఆ ప్రేమ గడీలో, అంటే దొరల కోటలో, పుట్టనివాళ్ల ఇళ్ల దాకా, కూలి చేసుకునే ఇళ్ల దాకా చేరే దారి మాత్రం లేకుండా పోయింది.

ఆ తర్వాత కరువు, వలస. పాలమూరు లేబర్ పేరు దేశమంతా తెలుసు. కూలీలను పనులకు తీసుకెళ్లే గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇస్తే భార్యాభర్తలిద్దరూ పిల్లల్ని తీసుకుని ప్రాజెక్టు పనులకో, రోడ్డు పనులకో వెళ్లిపోయేవాళ్లు. బడి మధ్యలో ఆగిపోయేది. పిల్లల్ని అవ్వ దగ్గర వదిలి వెళ్తే, వాళ్లకు చదివి వినిపించే మనిషి ఇంట్లో లేనట్టే. బొంబాయి, పుణె పనుల మీద తిరిగే ఇంట్లో పుస్తకాల బీరువా ఎక్కడ పెట్టుకుంటారు?

అంటే మన ఊళ్లలో పుస్తకమనేదే లేదా?

ఉండేది. కాకపోతే ఒక్కరు చదివేవాళ్లు, పదిమంది వినేవాళ్లు. వాన పడని రోజుల్లో, రాత్రి తిన్నాక, గుడి దగ్గరో పెద్దవాళ్ల అరుగు మీదో భారతమో భాగవతమో చదివించుకునేవాళ్లు. చదివే అయ్యగారో, చదువొచ్చిన రైతో పద్యం చదివి అర్థం చెప్తే, అక్షరం రానివాళ్లు కూడా తర్కం చేసేవాళ్లు. కర్ణుడిది తప్పా, కుంతిది తప్పా అని తెల్లారి నాట్లలో కూడా అదే ముచ్చట. యక్షగానాలు, ఒగ్గు కథలు, శారద కథలు, చిందు భాగవతాలు కూడా ఉండేవి. కథను పట్టుకుని రాత్రంతా మేలుకునే ఓపిక మన జనానికి ఎప్పుడూ ఉంది.

టీవీ వచ్చాక అరుగు మీద కూర్చోవడం పోయింది. గట్టిగా చదివే మనిషి పోయాడు. ఎవరికి వాళ్లు మౌనంగా చదువుకునే అలవాటు అప్పటికి ఇంకా ఇళ్లలోకి రాలేదు. ఈ రెంటి మధ్యలో పడిన తరమే ఇప్పుడు నలభై, యాభై ఏళ్లలో ఉన్నది. పెద్దవాళ్లతో మళ్లీ పుస్తకం మొదలుపెట్టాలనుకుంటే ఇంట్లో ఒకరు గట్టిగా చదవాలి అని నేను అందరికీ చెప్పేది ఇందుకే. అది వాళ్లకు తెలిసిన దారి.

మా అమ్మ నాలుగో తరగతితో ఆపేసింది. ఇప్పుడు చదవడం మర్చిపోయానంటోంది. మళ్లీ వస్తుందా?

వస్తుంది. దానికి నోటికి వచ్చిన వాటితో మొదలుపెట్టాలి. మీ అమ్మకు ఎన్ని బతుకమ్మ పాటలు వచ్చో అడగండి. వ్రత కథలు, మంగళహారతులు, నాట్ల పాటలు కూడా. వాటిని పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి, లేదా అచ్చు వేయించండి. పాట ముందే వచ్చు కాబట్టి తర్వాత ఏ మాట వస్తుందో ఆమెకు తెలుసు. కన్ను ఆ మాటను గుర్తుపడుతుంది. మాటకూ అక్షరానికీ మధ్య తెగిపోయిన తాడు మెల్లగా ముడిపడుతుంది. కొత్త కథ ఇచ్చి చదవమంటే ఎదురయ్యే భయం ఇక్కడ ఉండదు.

పొదుపు సంఘంలో ఉంటే ఇంకా మంచిది. సంతకం పెట్టడానికి అక్షరాలు నేర్చుకుని, తర్వాత సంఘం లెక్కల పుస్తకం తానే చదువుకునే అక్కలు ప్రతి ఊళ్లోనూ కనిపిస్తారు. ఆమెకు తోడు దొరుకుతుంది.

ఇక టైం. పొద్దున నాలుగున్నరకు లేచి, వాకిలి ఊడ్చి, వంట చేసి, కూలికి పోయి, వచ్చి మళ్లీ వంట చేసే మనిషిని "నువ్వెందుకు చదవవు" అని అడగకూడదు. ముందు అంట్లు ఎవరు తోముతారో ఆలోచించండి. ఆడవాళ్ల చదువు గురించి మాట్లాడే మగవాళ్లు ఆ అరగంట పని చేతిలోకి తీసుకుంటే, మిగతా సలహాలన్నిటికంటే అది ఎక్కువ పని చేస్తుంది.

మా ఆయన ఇదివరకు వారపత్రికలు, నవలలు తెగ చదివేవాడు. యాభై దగ్గరికొచ్చాక మానేశాడు. ఆసక్తి పోయిందా?

ముందు కళ్లు చూపించండి. నలభై దాటాక చత్వారం రావడం మామూలే. దగ్గరి అక్షరాలు మసకబారతాయి. కాగితాన్ని దూరంగా పట్టుకుని చదవడం, కాసేపటికే తలనొప్పి, సాయంత్రం వెలుతురు చాలదనడం దాని గుర్తులు. చాలామంది దీన్ని జబ్బని అనుకోరు. చదవడం మానేసి ఊరుకుంటారు. 2018లోనూ, 2023లోనూ రాష్ట్ర ప్రభుత్వం కంటి వెలుగు శిబిరాలు పెట్టి ఊరూరా దగ్గరి చూపు అద్దాలు ఉచితంగా పంచింది. అవి తీసుకుని మడిచి బీరువాలో పెట్టినవాళ్లు ఎందరో. మీ ఇంట్లోనూ ఉన్నాయేమో వెతకండి. పాతబడి ఉంటే మళ్లీ పరీక్ష చేయించి పవర్ మార్పించండి. గదిలో బల్బు కూడా మార్చండి. ఇంత చిన్న విషయానికి ఏళ్ల తరబడి చదువు ఆగిపోవడం బాధగా ఉంటుంది.

ఆయన చదివే పత్రికలు కూడా ఆగిపోయి ఉండొచ్చు. 2020లో కరోనా వచ్చాక కొన్ని తెలుగు వారపత్రికలు అచ్చు ఆపేశాయి. బస్టాండు పుస్తకాల షాపుల్లో ఇప్పుడు నీళ్ల బాటిళ్లు, చిప్స్ ప్యాకెట్లే ఎక్కువ.

రోజూ టీ హోటల్లో పేపర్ చదువుతాడు. అది చదవడం కిందికి వస్తుందా?

వస్తుంది. జిల్లా పేజీ పూర్తిగా చదివే మనిషికి పుస్తకం చదివే వేగం ఉన్నట్టే. ఆయనకు ఇష్టమైన విషయం మీద ఒక పుస్తకం పక్కన పెట్టడమే మిగిలింది.

ఇదంతా ఫోన్ వల్లే కదా?

కొంత వరకే. ఫోన్ రాకముందు కూడా మన ఇళ్లలో పుస్తకం లేదు. ఉన్న ఖాళీ టైంను ఫోన్ తీసుకుంది. ఆ ఖాళీలో ముందు టీవీ సీరియల్ ఉండేది. అయితే రీల్స్ వల్ల ఒక నష్టం నిజంగా ఉంది. ఒక్క విషయం మీద పది నిమిషాలు మనసు నిలబెట్టే అలవాటు పోతోంది. ఇది పిల్లలకంటే పెద్దవాళ్లలో నాకు ఎక్కువ కనిపిస్తోంది. పిల్లలకు కనీసం బడిలో ఫోన్ ఉండదు.

ఫోన్‌ను శత్రువుగా చూడకండి. వినే కథలు, చదివే కథలు అందులోనే దొరుకుతాయి. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు తెలుగులో ఉచితంగా ఉన్నాయి. పడుకునే ముందు మాత్రం ఇంటిల్లిపాది ఫోన్లు ఒక్కచోట పెట్టండి. తల్లిదండ్రుల ఫోన్లు కూడా.

కథ వింటే చదివినట్టేనా?

పెద్దవాళ్ల విషయంలో అవుననే అంటాను. పొలం గట్టు మీద ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నవల వినే రైతు సాహిత్యంలో ఉన్నట్టే. పిల్లలకు మాత్రం వినడంతో పాటు అక్షరం కంటికి కనపడాలి. మీరు చదువుతుంటే వేలు వెంట వాళ్ల చూపు రావాలి.

మేమిద్దరం చదవం. మా పిల్లలకు అలవాటు అవుతుందా?

అవుతుంది. ఇంట్లో చదివేవాళ్లు ఉంటే సులువు అవుతుంది, అంతే. మీకు చదవడం రాకపోతే పిల్లవాణ్ణే మీకు చదివి వినిపించమనండి. రెండో తరగతి పిల్ల అవ్వ పక్కన కూర్చుని తన పుస్తకంలోని కథ చదువుతుంటే, అవ్వ "అయితే తర్వాతేమైంది బిడ్డా?" అని అడిగితే చాలు. ఆ ప్రశ్న కోసం పిల్ల మళ్లీ చదువుతుంది. తప్పులు దిద్దకండి. మధ్యలో "ర్యాంకు ఎంత" అని అడగకండి.

పుస్తకాలు కొని బీరువాలో తాళం వేసే ఇళ్లు ఉన్నాయి. చినుగుతాయని భయం. చినగనివ్వండి. పిల్లల చేతికి అందే ఎత్తులో పెట్టండి. ‘మంచి పుస్తకం’, ‘నేషనల్ బుక్ ట్రస్ట్’ లాంటి ప్రచురణ సంస్థల పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే దొరుకుతాయి. పండక్కి కొనే టపాకాయల ఖర్చులో సగం పెడితే ఒక అర నిండుతుంది.

పిల్లలు ఇంగ్లిష్ మీడియం. తెలుగు కథ చదవరు, ఇంగ్లిష్ కథ అర్థం కాదు. ఏం చేయాలి?

ఇప్పుడు మన జిల్లాల్లో అన్నిటికంటే పెద్ద సమస్య ఇదేనని నా అభిప్రాయం. ఈ పిల్లలకు రెండు భాషల్లోనూ అక్షరాలు వచ్చు. ఏ భాషలోనూ సంతోషంగా చదివే వేగం లేదు. పాఠం బట్టీ పడతారు. ఇంగ్లిష్ మీడియంలో చదివించినందుకు ఎవరూ నేరం చేసినట్టు బాధపడక్కర్లేదు. ఉద్యోగం కోసం ఆ నిర్ణయం తీసుకున్నారు, అది సరైన ఆలోచనే. కానీ కథ అర్థమయ్యే భాషలో చదివిన పిల్లలకు చదవడమంటే ఏమిటో తెలుస్తుంది. ఆ తెలివి రెండో భాషలోకి కూడా వెళ్తుంది. అందుకే ఇంట్లో తెలుగు పుస్తకమే ముందు.

ప్రభుత్వ బడి పిల్లలైతే ఇంకో దారి ఉంది. 2022–23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టినప్పుడు పాఠ్యపుస్తకాలను రెండు భాషల్లో, ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఇంగ్లిష్ అచ్చు వేశారు. తల్లి తెలుగు పేజీ చదివితే బిడ్డ ఇంగ్లిష్ పేజీ చదవొచ్చు. పుస్తకం ఇద్దరిదీ అవుతుంది.

మాది తండా. ఇంట్లో లంబాడీ మాట్లాడతాం. మరి మాకు?

మీ పిల్లలకు బడిలో తెలుగే కొత్త భాష, ఆపైన ఇంగ్లిష్. వాళ్లు వెనకబడ్డారని అనేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. అవ్వ చెప్పే గోర్ బోలి (లంబాడీ భాష) కథలను పిల్లల చేత తెలుగు లిపిలో రాయించండి. తర్వాత వాళ్లే చదువుతారు. దేవరకొండ, అచ్చంపేట తండాల్లో బడి టీచర్లు కాస్త చొరవ చూపితే ఒక్క ఎండాకాలంలో ఒక చిన్న కథల పుస్తకం తయారవుతుంది.

ఊళ్లో గ్రంథాలయం ఉంది. ఎప్పుడు చూసినా గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివేవాళ్లే. మేం ఎందుకు వెళ్లాలి?

వాళ్లను తప్పు పట్టకండి. ఇంట్లో చదువుకునే చోటు లేని పిల్లలకు ఆ కుర్చీ, ఆ ఫ్యాను ఎంతో ఆధారం. కాకపోతే గ్రంథాలయం వాళ్లకు మాత్రమే కాదు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సుగా తీసుకుంటారు. మీరు ఇంటి పన్ను కడుతుంటే గ్రంథాలయానికి డబ్బు కడుతున్నట్టే. చిన్న మొత్తం డిపాజిట్ కట్టి సభ్యులైతే పుస్తకం ఇంటికి తెచ్చుకోవచ్చు. కథలు, నవలలు, పిల్లల పుస్తకాలు కావాలని రాతపూర్వకంగా అడగండి. అడిగేవాళ్లు లేకపోతే కొనేది పోటీ పరీక్షల మెటీరియలే. నలుగురు తల్లులు కలిసి వెళ్లి అడిగితే ఆ మాటకు బరువు ఉంటుంది.

పెద్దవాళ్లకు మొదట ఏ పుస్తకం ఇవ్వాలి?

మీకు గొప్పగా అనిపించింది ఇవ్వకండి. ఆయన ముచ్చట పెట్టే విషయం ఏదో దాని మీద ఇవ్వండి. పాతకాలం తిండి, బట్టలు, ఆటలు, పండుగల గురించి మాట్లాడటం ఇష్టమైతే సురవరం ప్రతాపరెడ్డి ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఉంది. తెలుగులో మొదటి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం దానికే వచ్చింది, 1955లో. మొత్తం చదవక్కర్లేదు, నచ్చిన పేజీ దగ్గర తెరవొచ్చు. పాట ఇష్టమైతే మన తెలకపల్లి మండలం గౌరారం నుంచి వచ్చిన గోరటి వెంకన్న పుస్తకాలు ఉన్నాయి. 2021 అకాడమీ పురస్కారం ఆయనదే. తాను మాట్లాడే మాట అచ్చులో కనపడితే పెద్దవాళ్ల ముఖం వేరుగా ఉంటుంది. చాలా ఏళ్లు పుస్తకాల్లోని తెలుగు వాళ్లకు పరాయిగా ఉండటం కూడా దూరం పెంచింది.

పుస్తకం పలచగా, అక్షరం పెద్దగా ఉండాలి. సగంలో ఆపేస్తే అడగొద్దు.

బలవంతం చేస్తే తప్పా?

తప్పే. పుస్తకం చదవని మనిషి తక్కువ మనిషి కాడు. నేల, వాన, పశువుల గురించి మన రైతులకు తెలిసినంత చాలా పుస్తకాల్లో ఉండదు. చదివేవాళ్లం ఈ మాటను మనస్ఫూర్తిగా నమ్మకపోతే మనం ఇచ్చిన పుస్తకాన్ని ఎవరూ తీసుకోరు.

నేను ఇంట్లో గట్టిగా చదవాలనుకుంటున్నాను. సిగ్గుగా ఉంది, ఎవరూ వినరేమో. ఎట్లా మొదలుపెట్టాలి?

కూర్చోబెట్టి ప్రకటన చేయకండి. రాత్రి తిన్నాక, అమ్మ చిక్కుడుకాయ ఒలుస్తూనో, నాయన మంచం మీద వాలి ఉన్నప్పుడో ఒక పొట్టి కథ తీసి మామూలు గొంతుతో చదవండి. పది నిమిషాలు దాటనివ్వకండి. మొదటి రోజుల్లో ఒకరు లేచి వెళ్లిపోతారు, ఒకరికి నిద్ర పడుతుంది. ఆపకండి. కథ సగంలో ఉండగా ఒక రోజు కావాలనే పుస్తకం మూసేయండి. మరుసటి రోజు మీరు మర్చిపోయినా ఎవరో ఒకరు అడుగుతారు. అడిగిన మనిషి చేతికే పుస్తకం ఇచ్చి, ఈ ఒక్క పేజీ నువ్వు చదువు అనండి.